‘ఉండాది’ అన్నందుకు

పోయిన వారం డాక్టరమ్మ నా పక్కటెముకల కింద నొక్కి చూసి, కొత్త రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చదివి, ఇక పనికి వెళ్ళొచ్చని చెప్పింది. నేనింకా వెళ్ళలేదు. ముందు ఇది రాసేసి వెళదామని కూర్చున్నాను. ఒళ్ళు కుదుటపడింది గానీ కోపం కుదుటపడలేదు. ఈ కోపంతో పని పట్టుకుంటే నేల వంకర పోతుంది.

నా పేరు మునిరత్నం. తమిళనాడులో, వేలూరు దగ్గర గుడియాత్తంలో టైల్సు మేస్త్రిని. ఇంట్లో తెలుగు, పనిలో అరవం. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళు బోలెడుమంది, చదవగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. చిన్నప్పుడు మేము పరదరామి దగ్గర ఉండగా మా నాయన నన్ను సరిహద్దు అవతలి బడిలో వేశాడు. అందుకే పదో తరగతి దాకా తెలుగు అక్షరాలు ఒంటబట్టాయి. ఇన్నాళ్ళూ అవి చుట్టాలకు పెళ్ళిపత్రికలు చదివి పెట్టడానికే పనికొచ్చాయి.

ముందే ఒక మాట చెప్పాలి. నేను తాగను. ఈ ఒక్క ముక్క ఏడాదిన్నరగా ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ ఎదుటి ముఖంలో చిన్న నవ్వు మెరిసేది. మేస్త్రి అట, లివరు జబ్బట, తాగడట. ఇంక నవ్వక ఏం చేస్తారు.

గత ఏడాది, ఫిబ్రవరి

ఆర్కాడులో కొత్త ఇంటికి నేల పరుస్తున్నాం. మా పని అంతా మోకాళ్ళ మీద. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవను. అలాంటిది గంటకోసారి గోడ పట్టుకుని లేవాల్సి వచ్చింది. కుడి పక్కన, ఎముకల కింద, తడి గోనెసంచి పెట్టినట్టు బరువు. నొప్పి అనడానికి లేదు, ఏమీ లేదనడానికీ లేదు. అన్నం తిన్నాక టైల్సు పెట్టె ఎత్తబోతే చేతులు రాలేదు. వయసు మీద పడిందని తోటివాళ్ళు ఎగతాళి చేశారు. నలభై ఆరు దాటలేదని నేను వాళ్ళ మీద ఎగిరాను.

గుడియాత్తంలో స్కాన్ తీయించాను. తీసినతను అరవంలో చెప్పాడు. రెండేళ్ళ కిందట పిత్తాశయంలో కనిపించిన చిన్న రాయి అలాగే ఉంది, దానితో భయం లేదు. కానీ లివరులో కొళుప్పు చేరింది, వేలూరు వెళ్ళి చూపించుకో అన్నాడు. కొళుప్పు అంటే కొవ్వు. మన కొవ్వుకు లాగే ఆ మాటకూ రెండర్థాలు. ఇంటికొచ్చి మా ఆవిడ కోమలకు చెప్తే పొయ్యి దగ్గర నుంచే నవ్వింది.

"నీకు కొవ్వు నోట్లో కదా ఉండాది, లివరులోకి యాడ దిగింది?"

నేనూ నవ్వాను. ఆ తరవాత మా ఇంట్లో అలాంటి నవ్వు వినడానికి చాలా నెలలు పట్టింది.

మార్చి

వేలూరులో ఏ ఆసుపత్రి అన్నది రాయను. నన్ను బతికించిందీ అదే, నా మీద మచ్చ వేసిందీ అదే. తెల్లవారి మొదటి బస్సుకు పళ్ళికొండ మీదుగా వెళ్ళాను. హాలు నిండా జనం. ఎక్కడో బెంగాల్ నుంచి రెండు రోజులు రైలులో వచ్చిన వాళ్ళు కూడా దుప్పట్లు మడిచి పక్కన పెట్టుకుని కూర్చున్నారు. అంతమందిని చూస్తే నా బరువు నాకే చిన్నదిగా అనిపించింది. నంబరు పిలుస్తారేమోనని ఒంటికి కూడా వెళ్ళకుండా నాలుగు గంటలు కూర్చున్నాను.

అప్పుడు ఒక అమ్మాయి పలక లాంటి ఫోను పట్టుకుని వచ్చి, "తెలుగువారా?" అని అడిగింది. నెల్లూరు వైపు పిల్ల. డాక్టరు చూసే ముందు వివరాలు రాసుకోవడం ఆమె పని. ఆ హాలులో నా భాష వినేసరికి ప్రాణం లేచొచ్చింది. వయసెంత, ఏం తింటారు, షుగరుందా, బీపీ ఉందా అంటూ గుక్క తిప్పుకోకుండా అడుగుతూ పోయింది. నేనూ గబగబా చెప్పేశాను. "పొగ ఉందా?" అంటే, "లేదమ్మా, ఇప్పుడు గ్యాసు పొయ్యే" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, బీడీ సిగరెట్ల గురించి అడిగానని చెప్పింది. అవీ లేవన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మంచి పిల్ల అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఏప్రిల్

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు పిలిచాడు. నాతో మా అమ్మాయి దివ్య వచ్చింది. కాలేజీలో చదువుతోంది, ఇంగ్లీషు కాగితాలు చదువుతుందని తీసుకెళ్ళాను. డాక్టరు చిన్నవాడు. కంప్యూటరు చూశాడు, కాగితాలు చూశాడు. నన్ను చూడలేదు.

"మొదల్ల కుడియ నిరుత్తుంగ," అన్నాడు. ముందు తాగుడు ఆపు, తరవాత మిగతా సంగతి, అని.

"నేను తాగను సార్," అన్నాను.

"ఎల్లారుం ఇప్పిడిదాన్ సొల్లువాంగ." అందరూ ఇలాగే చెప్తారట.

నేను లేచి నిలబడ్డాను. నాది పెద్ద గొంతు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చూశారు, నా నోరు వాసన చూడండి అని అరిచాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్నట్టు చూశారు అక్కడున్న వాళ్ళంతా. తాగనివాడు ఇంత ఎగరడు అని వాళ్ళ లెక్క కాబోలు. కాపలా ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్ళాడు. తన సీసాలో నీళ్ళు తాగించి, "కోపం వద్దు మేస్త్రీ, కాగితంలో ఏం రాసినారో చూసుకోండి" అన్నాడు. ఆ పూట నాతో మనిషిలా మాట్లాడింది ఆయన ఒక్కడే.

బస్సులో దివ్య కాగితం చదివింది. చదివి కిటికీ వైపు తిరిగింది. నేను మళ్ళీ మళ్ళీ అడిగితే చెప్పింది.

"తాగుడు ఉందని రాసినారు నాయనా. రెండేండ్లుగా. రోజూ అని."

నేను బస్సులోనే అరిచాను. దివ్య నన్ను ఆపలేదు. నమ్ముతున్నానని కూడా అనలేదు.

మే, జూన్

కోమల అగ్గిపెట్టెల కంపెనీలో పెట్టెలు కడుతుంది. తొమ్మిదో ఏట నుంచి అదే పని. తొమ్మిదేళ్ళకే ఎందుకు వెళ్ళిందంటే, వాళ్ళ నాయన సంపాదన సారాయి కొట్టుకు పోయేది. కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి ఆయన పోతుంటే పక్కన గిన్నె పట్టుకుని కూర్చున్నది ఈమే. పెళ్ళిచూపుల్లో అందరూ ఏవేవో మాట్లాడుకుంటుంటే కోమల నన్ను ఒకటే అడిగింది, తాగుతావా అని. తాగనని చెప్పాను. ఆ మాట మీద మా సంసారం పంతొమ్మిదేళ్ళు నడిచింది.

ఆ కాగితం చూశాక ఆమె అరవలేదు, ఏడవలేదు. మాట్లాడటం మానేసింది. నేను పని నుంచి రాగానే చేతిసంచి అందుకునే నెపంతో దగ్గరికొచ్చి, ముఖం ముందు ఒక్క క్షణం ఆగేది. వాసన చూస్తోందని మూడో రోజుకు అర్థమైంది. ఆ అవమానం నేను చచ్చేదాకా మరవను. ఆ రోజు గొడవపడ్డాం.

"పంతొమ్మిదేండ్లు నాతో ఉండావు. నా మాట కంటే ఎవడో రాసిన కాగితం ఎక్కువైందా నీకు?" అన్నాను.

"మా నాయన కూడా తాగలేదనే చెప్పేవాడు," అంది. "పాడె ఎక్కేదాకా అదే చెప్పినాడు."



వీధిలో పాకింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని ఒక ముసలాయన నన్ను ఓదార్చబోయాడు. నేను తాటిచెట్టు కింద కూడా కూర్చోలేదు తాతా అన్నాను. పనిలో అయితే ఇంకా ఘోరం. నా కింద పనిచేసే వాళ్ళు, నాతో కలిసి ఎన్నడూ గ్లాసు పట్టనివాళ్ళు, "మాకు తెలీకుండా ఒక్కడివే కానిచ్చినావా అన్నా" అని నవ్వారు. వాళ్ళది సరదానే. నాకు మాత్రం తాపీ విసిరికొట్టాలనిపించింది. ఒకసారి కొట్టాను కూడా. కొత్త టైలు పగిలింది.

అన్నిటికంటే మండింది ఇక్కడ. నా లివరులో కొవ్వు నిజం, ఆ బరువు నిజం. అది ఎందుకు వచ్చిందో ఒక్కరూ అడగలేదు. కారణం రాసేసుకున్నారు కదా, ఇంక వెతికే పనేముంది. తాగుడు మానుకో అన్నారు. లేనిది ఎలా మానను? మానడానికి ముందు మొదలుపెట్టాలా?

ఆడి నెల

జూలై మధ్యలో, అరవ వాళ్ళ ఆడి నెల మొదట్లో, అన్నం సహించడం మానేసింది. పులుసు వాసనకే కడుపులో తిప్పేది. నాలుగు ముద్దలు తింటే రెండు బయటికి. ఒంటికి ఎర్రగా పోసేది. బరువు పది రోజుల్లో దిగిపోయి లుంగీ నడుము మీద నిలవలేదు. ఇదంతా పాత జబ్బే ముదిరిందనుకున్నాను. కోమల నా కంచం ముందు కూర్చుని, తిన్నానా లేదా అని చూసేది. మళ్ళీ శ్రద్ధ పుట్టిందని సంతోషపడ్డాను.

నెల సగంలో దివ్య నా ముఖం చూసి, "నాయనా, కండ్లు పచ్చగా ఉండాయి" అంది. కోమల చేతిలోని గరిటె కింద పెట్టింది. ఆమె అప్పుడు చూసినది నా కళ్ళను కాదు, వాళ్ళ నాయన కళ్ళను. ఆ పూటే ఆటోలో వేలూరు.

ఆసుపత్రిలో పదహారు రోజులు ఉన్నాను. మొదటి రోజులు సరిగా గుర్తు లేవు. నాలుక మీద ఇనుము రుచి, ఒళ్ళంతా దురద, గోకి గోకి రక్తం. చచ్చిపోతానని నమ్మాను. భయం ఎలా ఉంటుందంటే, దివ్య కాలేజీ ఎన్నేళ్ళు మిగిలిందో పదే పదే లెక్కపెట్టుకునేవాణ్ణి, లెక్క తప్పేది, మళ్ళీ మొదలు. ఆ స్థితిలో కూడా రోజుకో డాక్టరు వచ్చి అడిగేవాడు, చివరిసారి ఎప్పుడు తాగినావని. నాటు మందులేమన్నా తిన్నావా అని కూడా అడిగారు. లేదన్నాను. రెండు ‘లేదు’లూ ఒకే ముఖంతో రాసుకున్నారు.

వారం తిరిగేసరికి పచ్చదనం తగ్గింది. నర్సులు సంతోషించారు. పెద్ద డాక్టరు కోమలతో, "ఈడ తాగడానికి దొరకదు కదమ్మా, అందుకే దిగింది, చూసినావా" అన్నాడు. పోనీలే ఆమె కోసం తెలుగు నేర్చుకుని మరీ అన్నాడు. కోమల తల వంచుకుంది. నేను మంచం మీద నుంచి లేవలేక, తిట్టలేక, గోడ వైపు తిరిగాను.

నన్ను నమ్మినవాడు ఒకడున్నాడు. పక్క మంచం మీద నాట్రంపల్లి పెద్దాయన. ఆయన తాగుడుతోనే వచ్చాడు, దాచుకోడు కూడా.

"నేను తాగినా నాయనా, ముప్పై ఏండ్లు తాగినా," అన్నాడు నాతో. "నువ్వు తాగలా. తాగేవాడికి తాగేవాడు తెలుస్తాడు. వచ్చిన రోజు నీ చెయ్యి వణకలా. ఈ డాక్టర్లకి ఆ మాత్రం తెలీదా?"

ఆయన కోడలు తెచ్చే బార్లీ నీళ్ళలో సగం రోజూ నాకు పోసేవాడు. చదువుకున్నవాళ్ళు ఇవ్వలేని మర్యాద ఒక తాగుబోతు ఇచ్చాడు. ఆయన్ను ఆ మాట అంటున్నందుకు ఏమీ అనుకోడు, తన పేరు అదేనని తనే చెప్పుకుంటాడు.

పన్నెండో రోజు

ఆ రోజు ఒక డాక్టరమ్మ వచ్చింది. నడివయసు, నెమ్మదైన మనిషి. తాగనివాళ్ళ లివరులో కొవ్వు ఎందుకు చేరుతుంది, కొందరిలో అది ఎందుకు గట్టిపడి కొంపలు ముంచుతుంది, దేనితో వెనక్కి తిప్పొచ్చు అని పరిశోధన చేస్తున్నారట. పక్క వార్డుకు వెళుతూ నా కాగితాలు తిరగేసి ఆగింది. చేతులు చాచమంది. నాలుక చూసింది. అరవంలో కోమలను అడిగింది, పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఈయన తాగి రావడం చూశావా అని.

"చూడలేదమ్మా," అంది కోమల. "అయినా మీ కాగితంలోనే ఉండాది కదా."

 ఆ మాట మొదట రాసిందెవరో వాళ్ళను పిలవమంది డాక్టరమ్మ. గంటలో నెల్లూరు అమ్మాయి వచ్చింది, అదే పలక పట్టుకుని.

"నేనే రాశాను మేడం. ఈయనే చెప్పారు."

నేను లేచి కూర్చున్నాను. "నేనా? ఏం చెప్పినా నేను?"

ఆ అమ్మాయి భయపడుతూ చదివింది. కల్లు ఉందా? ఉంది. ఎన్నాళ్ళుగా? రెండేళ్ళుగా. రోజూ ఉంటుందా? రోజూ ఉంటుంది. ఎంత? చిన్నదే.

"అవును, చెప్పినా," అన్నాను. "ఇప్పుడూ చెప్తాను. కల్లు ఉండాది. రెండేండ్లుగా ఉండాది. స్కాన్లో చూసుకోండి."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. అరవ డాక్టరమ్మకు అర్థమైంది. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

అరవంలో కల్లు అంటే రాయి. పిత్తాశయంలో రాయిని చూసి రెండేళ్ళ కిందట డాక్టరు కల్లు అనే చెప్పాడు. నేను ఇంట్లో రాయి అంటాను గానీ, పనిలో ఆ మాటే నోటికి రాదు, బండైనా ఇటుకైనా కల్లే. కల్లు దిగిందా, కల్లు ఎత్తు, కల్లు పక్కకి పెట్టు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే. ఆసుపత్రిలో కూర్చుని, షుగరుందా బీపీ ఉందా కల్లు ఉందా అని వరసగా అడిగితే నాకు గుర్తొచ్చింది కడుపులో రాయి. నెల్లూరు పిల్లకు కల్లంటే చెట్టు మీద నుంచి దిగేదే. రోజూ ఉంటుందా అంటే, లోపల ఉన్నది రోజూ ఉండక ఎక్కడికి పోతుంది, ఉంటుందన్నాను. ఎంత అంటే చిన్నదే అన్నాను. చిన్న గ్లాసు అనుకుంది.

నాట్రంపల్లి పెద్దాయన మంచం అదిరేలా నవ్వి, దగ్గు తెచ్చుకున్నాడు. ఆ అమ్మాయి ఏడ్చేసింది. "సారీ అన్నా," అంది. నీ తప్పేం లేదులే అని నేను అనలేదు. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ పిల్ల నన్ను నా భాషలో అడిగింది, తప్పుగా విన్నది. మిగతావాళ్ళు అసలు అడగలేదు. మేస్త్రి అన్న మాట చూశారు, కల్లు అన్న మాట చూశారు, రెండూ అతికాయనుకున్నారు. అదే కాగితం ఒక బ్యాంకు ఆఫీసరుకు వచ్చి ఉంటే, నిజమేనా సార్ అని ఒక్కసారైనా అడిగి ఉండరా?

ఆ ముక్క కొట్టేయమన్నాను. రాసింది తీసేయడానికి వీల్లేదట. కింద ఇంకో వాక్యం చేర్చారు, తాగడు, పొరపాటున నమోదైంది అని. నేను చచ్చినా ఆ పైవాక్యం అలాగే ఉంటుంది.

డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని అరగంట మాట్లాడింది. తాగకపోయినా లివరులో కొవ్వు చేరుతుందట. పొద్దుటి నుంచి పది చక్కెర టీలు, వేళ తప్పిన కుప్ప అన్నం, పొట్ట చుట్టూ పెరిగిన బరువు, నిద్ర లేకపోవడం, తల్లిదండ్రుల నుంచి వచ్చేది, ఇలా ఎన్నో కలుస్తాయట. ఎవరిలో ఏది ఎంత అన్నది తమకే పూర్తిగా తెలియదని, అందుకే వెతుకుతున్నామని చెప్పింది. తెలియదు అని ఒక డాక్టరు నోట వినడం నాకు అదే మొదటిసారి. ఆమె మీద గౌరవం పుట్టింది.

"నన్ను మీ పరిశోధనలో ఎందుకు చేర్చుకోలా?" అని అడిగాను.

తాగేవాళ్ళను ముందే కంప్యూటరు పక్కకు తీసేస్తుందని చెప్పింది. నేను ఊరుకోలేదు. "మరి నా మాదిరి కల్లు ఉండాదని చెప్పిన మేస్త్రీలు, కూలోళ్ళు ఎంతమందిని తీసేసినారో మీకు తెలుసా? వాళ్ళంతా పోయినంక మిగిలినోళ్ళని చూసి కారణం వెతికితే ఏం దొరుకుతుంది?"

ఆమెకు కోపం రాలేదు. ఆ పలకలో ప్రశ్న మార్పించింది. ఇప్పుడు తెలుగువాళ్ళను అడిగేటప్పుడు, తాగే కల్లా, కడుపులో రాయా అని విడిగా అడుగుతున్నారు.

ఆ గంటసేపూ కోమల మంచం కాళ్ళ దగ్గర నిలబడే ఉంది. ముఖంలో రక్తం లేదు. అనుమానపడ్డందుకు సిగ్గుపడుతోందనుకున్నాను. పడనీలే అనుకున్నాను కూడా.

అక్టోబరు

పరిశోధనలో చేరాను. అందులో ఒక నియమం ఉంది. రోగి చెప్పింది ఇంట్లోవాళ్ళను వేరుగా కూర్చోబెట్టి మళ్ళీ అడుగుతారు. కోమలను లోపలికి పిలిచి నన్ను బయట కూర్చోమన్నారు. పది నిమిషాలన్నారు. నలభై అయ్యింది. ఇప్పటికైనా నా పేరు కడుగుతోందని గోడకు ఆనుకుని హాయిగా కూర్చున్నాను.

కోమల బయటికొచ్చి, ఒక కుర్చీ వదిలి కూర్చుంది.

"ఏం అడిగినారు?"

"నువ్వు తాగుతావా అని. తాగవని చెప్పినా."

"దానికి ఇంతసేపా?"

"ఇంట్లో పొడి, పసరు ఏమన్నా పెట్టినారా అని కూడా అడిగినారు."

"పెట్టలేదు కదా."

"పెట్టినా."

కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ చెప్పింది. ఆడి నెల మొదట్లో ఆమె తమ్ముడు శేఖర్ ఒక పొట్లం తెచ్చిచ్చాడట. బస్టాండు గోడల మీద అంటిస్తారు చూడండి, తాగేవారికి తెలియకుండానే తాగుడు మాన్పిస్తాం అని. ఆ పొడి. రంగు లేదు, వాసన లేదు. రోజూ నా పులుసులో చెంచాడు కలిపిందట. నేను కక్కుకుంటుంటే మందు పనిచేస్తోందని శేఖర్ ధైర్యం చెప్పాడట. ఆసుపత్రిలో నాకు తగ్గింది సారాయి దొరకక కాదు, పులుసు మారి.

నాకు అరవడం బాగా వచ్చు. ఆ రోజు రాలేదు.

"ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు తాగలేదని తేలినంక ఏ మొహం పెట్టుకుని చెప్పేది?"

"మరి ఇప్పుడెందుకు చెప్పినావు?"

"నీ కండ్లు ఎందుకు పచ్చబడినాయో వాళ్ళకి తెలీలేదంట. తెలీకుండా ఇంకోటి రాసుకుంటారు. ఒక్క తప్పు రాసినందుకే నిన్ను చంపబోయినా. ఇంకో తప్పు రాయనీను."

మిగిలిన పొడి రవికెలో దాచి తెచ్చిందట, డాక్టరమ్మ చేతికిచ్చేసింది. డాక్టరమ్మ తిట్టలేదని, ఇలా వచ్చి చెప్పేవాళ్ళు తక్కువమ్మా అని టీ తెప్పించి ఇచ్చిందని చెప్పింది. అందులో ఏం కలిసిందో, ఎవడు కలిపాడో పొట్లం మీద లేదు. పేరు లేదు, ఊరు లేదు, ఫోను నంబరు మాత్రం ఉంది. నేను చేసి చూశాను. ఎవరూ ఎత్తలేదు. ఆ కాగితాలు ఇప్పటికీ బస్టాండు గోడ మీద ఉన్నాయి. కనిపించిన ప్రతిసారీ గోళ్ళతో గీకుతాను. మరుసటి వారం కొత్తవి. తాగేవాడైనా మనిషే కదా, వాడికి తెలియకుండా వాడి కడుపులో విషం పోయొచ్చని ఎవడు చెప్పాడు వీళ్ళకు? శేఖర్ మా గడప తొక్కడం లేదు. తొక్కితే ఏమంటానో నాకూ తెలియదు.

ఇది చదివేవాళ్ళకు రెండే మాటలు. మీ గురించి ఏం రాశారో అక్కడే నిలబడి చదివించుకోండి, విసుక్కున్నా సరే. ఇంట్లో ఎవరికి ఏ పొడి పెట్టినా, ఎంత సిగ్గయినా, డాక్టరుకు చెప్పేయండి.

నా సంగతంటారా, టీలు రెండుకు దించాను, చక్కెర లేకుండా. పొద్దున్నే నడుస్తున్నాను. లివరు మెత్తబడుతోందట. కోమల మళ్ళీ మాట్లాడుతోంది.

పొడి సంగతి చెప్పి వేలూరు నుంచి వచ్చిన ఆ మధ్యాహ్నం ఆమె నా కంచంలో అన్నం పెట్టి, పులుసు కలిపి, మొదటి ముద్ద తనే తినింది. కాసేపు కూర్చుని, అప్పుడు కంచం నా వైపు జరిపింది.  రెండు పూటలా అంతే. దివ్య చూడలేక లేచి వెళ్ళిపోయేది. పదకొండో రోజు, "చాల్లే, ఇట్లా తే" అని కంచం లాక్కుని నేనే మొదట తిన్నాను. కోమల గోడ వైపు తిరిగి ఏడ్చింది.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాణ్ణనుకుంటారు. కాగితాల్లో తప్పు రాయకూడదని ఇంత అరిచినవాణ్ణి, ఇదీ రాయాలి. ముందు పది రోజులు నేను వద్దనలేదు. ఆమె ఆ ముద్ద మింగేదాకా చూస్తూ కూర్చున్నాను.